పడి లేచిన స్టేషను

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను రాసిన రిపోర్టులన్నీ పోగేస్తే ఒక బీరువా నిండుతుంది. వాటిలో అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తున్నది ఒక్కటే. అందులో మూడు వాక్యాలు ఉన్నాయి, కింద నా సంతకం ఉంది. ఆ మూడు వాక్యాల వల్ల ఒక మనిషి ముప్ఫై అయిదేళ్ళ సర్వీసు మీద మచ్చ పడబోయింది. ఇప్పుడు నెట్‌వర్కుల్లో పనిచేస్తున్న చిన్నవాళ్ళకు ఇది చదివితే నవ్వు రావచ్చు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మీ పాఠాల్లో ఇది అర పేజీ కూడా ఉండదు.

తొంభైల చివరి సంవత్సరాలు. ఖరగ్‌పూర్‌లో రైళ్ళకు కావలసిన టెలిఫోన్లూ తీగలూ చూసుకునే ఒక విభాగంలో నేను ఇనస్పెక్టరుని. పుట్టిందీ పెరిగిందీ ట్రాఫిక్ కాలనీలోనే. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు, మా నాన్న అక్కడే ఫిట్టరు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ మాట్లాడుతూ పెరిగిన మాకు మూడూ సగం సగమే వచ్చేవి. ఎవరినైనా ‘దాదా’, అంటే అన్నా, అని పిలవడం మాత్రం అందరికీ వచ్చు.

మా ఆఫీసులో టెస్టు రూము అని ఒకటి ఉండేది. చుట్టుపక్కల స్టేషన్ల నుంచి వచ్చే లైన్లన్నీ ఆ గదిలో నిలువెత్తు ఇనప చట్రం మీదికి చేరతాయి. ఏ లైను చెడినా ముందు అక్కడే పరీక్ష చేసి, అవసరమైతే ఒక జత తీగల మీంచి ఇంకో జత మీదికి మార్చాలి. ఆ గదికి పెద్ద ఒక మెకానిక్. అందరూ ఆయన్ని మిస్త్రీ అనేవారు. భీమిలి వైపు నుంచి రెండు తరాల కిందట వచ్చిన క్రైస్తవ కుటుంబం, ఇల్లు పూరీ గేట్ దగ్గర. మా నాన్నకు స్నేహితుడు. ఇంటి దగ్గర నేను ఆయనకు ‘ఒరే’, ఆయన నాకు ‘మావయ్య’. ఆఫీసులో నేను ‘సారు’, ఆయన ‘మిస్త్రీ’. సైకిలు స్టాండు దగ్గర ఈ పిలుపులు మారేవి. ఇద్దరం ఏనాడూ పొరబడలేదు.

ఆ రోజుల్లోనే మాకు, కంప్యూటర్ల మాటలకు దారి చూపే రౌటర్లనే పెట్టెలు వచ్చాయి. మా ఆఫీసులో ఒకటి, ఏడు స్టేషన్లలో ఏడు. ఏ వ్యాగను ఎక్కడ ఉందో స్టేషన్ల కంప్యూటర్లు మాకు చెప్పాలి, మేం పైకి చెప్పాలి. నన్ను రెండు వారాల ట్రైనింగుకి పంపి, తిరిగి రాగానే ఆ ఎనిమిది పెట్టెలూ నా చేతిలో పెట్టారు. మొత్తం విభాగంలో వాటి సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అలాంటి పరిస్థితి మనిషికి మంచిది కాదు.

వాటి పద్ధతి కాస్త చెప్పాలి. మేం వాడినదాన్ని ఓఎస్‌పీఎఫ్ అంటారు. ప్రతి రౌటరూ తన పక్కన ఎవరెవరున్నారో మిగతావాటికి చెబుతుంది. అందరి మాటలూ కలిపి ప్రతి ఒక్కటీ తన దగ్గర ఒక పటం గీసుకుని, ఆ పటం చూసి దారి వెతుక్కుంటుంది. పటం అందరి దగ్గరా ఒకటే అయి ఉండాలి, లేకపోతే దారులు పోతాయి. అయితే తను ఎలాంటి లైను మీద కూర్చుందో రౌటరుకి మనమే చెప్పాలి. అందరూ ఒకే తీగ మీద ఉండి, ఒకరు మాట్లాడితే అందరికీ వినపడేది ఒక రకం. అక్కడ గోల తగ్గడానికి అవి తమలో ఒకరిని నాయకుడిగా ఎన్నుకుంటాయి, ఆ తీగ తాలూకు పటం ఆ నాయకుడి చుట్టూ గీస్తాయి. ఇద్దరే ఉండేది ఇంకో రకం. మధ్యలో ఒకడుండి, మిగతావాళ్ళు అతనితో తప్ప తమలో తాము మాట్లాడుకోలేనిది మరో రకం.

మాది మూడో రకం. మా రౌటరు పక్కన ఒక స్విచ్చి పెట్టె, దాన్నుంచి ఒక్కో స్టేషనుకి ఒక్కో లైను. ఒక స్టేషను మాట ఇంకో స్టేషనుకి నేరుగా వినపడదు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా నేను మొదటి రకం అని పెట్టాను.

ఎందుకంటే నేను కంట్రోల్ ఫోను మీద పెరిగినవాణ్ణి. మీరు చూసి ఉండరు. ఒకే జత తీగల మీద వరసగా స్టేషన్లన్నీ వేలాడుతుంటాయి. రైళ్ళ రాకపోకలు చూసే కంట్రోలరు ఒక స్టేషన్ని పిలిచి మాట్లాడుతుంటే మిగతా స్టేషను మాస్టర్లందరూ రిసీవర్ ఎత్తి వింటుంటారు. ఎవరింట్లో పెళ్ళో ఎవరికి జ్వరమో లైను పొడుగునా అందరికీ తెలిసేది. పదేళ్ళు ఆ లైన్లే బాగుచేసిన నాకు, స్టేషన్లు అనగానే అందరూ అందరి మాటా వింటారనే మనసులో పడిపోయింది. ప్రేమ్ బజారులో జిరాక్సు తీయించి కుట్టించిన లావుపాటి పుస్తకం ఒకటి నా బల్ల మీద ఉండేది. అందులో మొదటి రకం గురించి చదివి, ఇది మన కంట్రోల్ ఫోనే కదా అని సంతోషించి, మిగతా పేజీలు తిప్పలేదు.

ఇంకొకటి కూడా చేశాను. రౌటర్లకు నంబర్లు ఇవ్వాలి. సీనియారిటీ లిస్టులో పెద్దవాడికి ఒకటో నంబరు ఉంటుంది కదా. అలాగే మా ఆఫీసుకి ఒకటి ఇచ్చి, స్టేషన్లకు వాటి హోదా ప్రకారం రెండు నుంచి ఎనిమిది దాకా ఇచ్చాను. రౌటర్ల ఎన్నికలో మాత్రం ఇద్దరు పోటీపడితే పెద్ద నంబరుదే గెలుపు. అది కూడా ఆ తిప్పని పేజీల్లోనే ఉంది.

మొదటి రోజు మా పెట్టె ముందు వెలిగింది. పోటీ లేదు కాబట్టి తనే నాయకుడైంది. తరవాత వెలిగినవన్నీ దాన్ని ఒప్పుకున్నాయి. నాలుగు నెలలు అద్భుతంగా నడిచింది. మా ఆఫీసరు, పెద్దమనిషి బెంగాలీ ఆయన, స్టాఫందరికీ సందేశ్ మిఠాయి పంచిపెట్టాడు.

వానలు మొదలయ్యాక అసలు కథ మొదలైంది. ఏదో ఒక స్టేషను లైను తడిసి పడిపోయేది. పడితే ఆ ఒక్క స్టేషనే పోవాలి, పోయేది. మిస్త్రీ చట్రం దగ్గరికి వెళ్ళి వేరే జత మీదికి మార్చేవాడు. ఆ స్టేషను తిరిగి వచ్చేది. అది వచ్చిన కొద్దిసేపటికి మిగతా ఆరూ మాయమయ్యేవి. ఫోన్లు మోగేవి, అరుపులు వినపడేవి. మిస్త్రీ ఫోను పట్టుకుని ఎవరితోనో ఏదో మాట్లాడేవాడు, పావుగంటకి మళ్ళీ అన్నీ వచ్చేవి.

వారం తేడాలో మూడుసార్లు ఇలా జరిగేసరికి ఆఫీసులో ఒక మాట పుట్టింది. మిస్త్రీ చట్రం మీద చెయ్యి వేస్తే మిగతా లైన్లు కదులుతున్నాయని. ఆయన చెయ్యి కొంచెం వణికేది, అది నిజం. టీ గ్లాసు రెండు చేతులా పట్టుకునేవాడు. రిటైరవడానికి ఏడాది కూడా లేదు, కంటి చూపు కూడా తగ్గిందని ఇంకొకరు కలిపారు. దసరా పూజలు అయ్యాక ఆఫీసరు నన్ను పిలిచి, తప్పు లైన్లదా రౌటర్లదా రాసిమ్మన్నాడు.

నేను రౌటరు తెర చూశాను. ఆరు స్టేషన్లు మాయమైన సమయంలో కూడా పొరుగువాళ్ళ జాబితాలో ఏడు పేర్లూ చక్కగా ఉన్నాయి. అందరితో పలకరింపు నడుస్తోంది, దారులు మాత్రం లేవు. బుర్ర ఉన్నవాడైతే అక్కడే ఆగాలి. లైను కదిలితే పలకరింపే ఉండదు కదా. నేను దాన్ని ఇంకోలా చదివాను. పొరుగువాళ్ళందరూ కనిపిస్తున్నారు కాబట్టి నా రౌటరు ఆరోగ్యంగా ఉంది, కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉంది అనుకున్నాను. ఇలా రాశాను: ‘రౌటర్లలో దోషం కనబడలేదు. ఒక లైను మార్చే సమయంలో మిగతా లైన్లకు కదలిక కలుగుతున్నట్టు తోస్తోంది. టెస్టు రూములో తగిన జాగ్రత్త అవసరం.’ సంతకం పెట్టాను.

పదిహేను రోజుల్లో మిస్త్రీకి చార్జిషీటు వచ్చింది. పనిలో నిర్లక్ష్యం. విచారణ అయ్యేదాకా చట్రం ముట్టుకోకూడదు, నేరం రుజువైతే టెస్టు రూము నుంచి బయటికి. ఆ చట్రం మీది తీగల్లో సగం ఆయన వయసులో ఉండగా స్వయంగా కట్టినవి. నా రిపోర్టు నకలు చార్జిషీటుకి జతచేసి ఇచ్చారు. అంటే ఆయన చదివాడు.

డిసెంబరులో, ప్రతి ఏడూ వచ్చినట్టే, వాళ్ళింటి నుంచి మా ఇంటికి క్రిస్మస్ అరిసెల డబ్బా వచ్చింది. మా ఆవిడ తీసుకుని, డబ్బా కడిగి, చక్కెర పోసి తిరిగి పంపింది. నేను ఒక్క అరిసె తినలేకపోయాను. ఆవిడ ఎందుకని అడిగితే కడుపు బాగాలేదన్నాను. నాకు సిగ్గేసింది, అయినా ఆ సిగ్గుకి కారణం నా రిపోర్టు తప్పు కావడం అని అప్పటికింకా నాకు తెలియదు. రిపోర్టు నిజమే, కాకపోతే ముసలాయన మీద రాయాల్సి వచ్చిందే అని మాత్రమే బాధపడ్డాను.

విచారణ రోజు పొద్దున్న పదింటికి మిస్త్రీ నా గదికి వచ్చాడు. చంకలో టెస్టు రూము ఫాల్టు రిజిస్టరు ఉంది. ఏ లైను ఎప్పుడు పడింది, ఎప్పుడు లేచింది, కారణం ఏమిటి, అన్నీ అందులో రాస్తారు. గదిలో ఇంకెవరూ లేరని చూసుకుని తలుపు దగ్గరికి వేశాడు.

“ఒరే నాయినా, నానేటీ పోట్లాటకి రాలేదు. ఒక్కటే అడుగుతాను, సెప్పు,” అన్నాడు.

“అడుగు మావయ్యా.”

“ఈ బుక్కులో అన్నీ రాసినాను, సూడు. పదకొండు సార్లు. పెతిసారీ ఏటయ్యింది? ఒక స్టేషను పడింది, లేసింది. లేసినోడు బాగున్నాడు. పడనోల్లు పోయినారు. నా సెయ్యి వొణికి తీగలు కదిలితే ఒకసారి ఇద్దరు పోవాల, ఒకసారి ముగ్గురు పోవాల. పెతిసారీ లెక్కగా ఆరుగురే ఎందుకు పోతన్నారు?”

నేను రిజిస్టరు నా వైపు తిప్పుకున్నాను.

“ఇంకోటి. పడి లేసిన స్టేషనోడికి ఫోను సేసి, నీ డబ్బా ఒక్క నిమిషం ఆపి ఎయ్యి దాదా అంటాను. ఆడు ఆపి ఏస్తాడు. అందరూ వచ్చేస్తారు. నాను సట్రం ముట్టుకోను. మరి తీగలు ఎవుడు సరిసేసినట్టు?”

రిజిస్టరులో ప్రతి ఎంట్రీ కింద ఆ మాట రాసే ఉంది. ఫలానా స్టేషను డబ్బా ఆపి వేయించితిని, అందరూ వచ్చిరి. నేను అది చాలాసార్లు చూశాను. చదువులేనివాళ్ళ చాదస్తం అనుకున్నాను.

ఆయన నా రౌటరు వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు. “కంట్రోలు లైన్లో అందరం ఒక తీగ మీద ఉంటాం, ఒకడు దగ్గితే అందరికీ ఇనబడతాది. నీ డబ్బాలు కూడా అలాగేనా?”

“అలాగే పెట్టినాను,” అన్నాను.

“పెట్టడం కాదురా. నా సట్రం మీద ఏడు లైన్లు ఏడు దారులు. ఒకడి మాట ఇంకొకడికి ఎలాగ ఇనబడతాది?”

ఆ మాట అయ్యాక నాకు విషయం అర్థం కావడానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. జిరాక్సు పుస్తకం తీసి, ఇన్నాళ్ళూ తిప్పని పేజీలు తిప్పాను. లైను పడిన స్టేషనుకి నలభై సెకన్లు ఎవరి పలుకూ వినపడకపోతే, లోకంలో తనొక్కటే మిగిలాననుకుని తనే నాయకుడినని ప్రకటించుకుంటుంది. లైను లేచాక మా పెట్టెతో పోటీ. మాది ఒకటో నంబరు, దానిది అంతకన్నా పెద్దది. మా పెట్టె తలవంచి పదవి ఇచ్చేస్తుంది. మిగతా ఆరింటికీ ఆ కొత్త నాయకుడి మాట వినపడదు, అవి ఇంకా మా పెట్టే నాయకుడనుకుంటాయి. పటం రెండు ముక్కలైపోతుంది. కొత్త నాయకుణ్ణి ఒక నిమిషం ఆపితే పదవి మళ్ళీ మాకు వస్తుంది, అది తిరిగి వెలిగేసరికి ఇక్కడ నాయకుడున్నాడు కాబట్టి ఊరుకుంటుంది. మిస్త్రీ ఫోనులో చేయించినది సరిగ్గా ఇదే.

పదకొండింటికి విచారణ. ఆఫీసరు గదిలో కూర్చోగానే నేను, ఒకసారి టెస్టు రూముకి రావాలి సార్, అన్నాను. చట్రం ముట్టుకోకూడదని ఆయనే ఆర్డరు ఇచ్చాడు కాబట్టి, ఆయన్నే అడిగాను, మిస్త్రీ చేత ఒక్క లైను తీయించి మళ్ళీ పెట్టించడానికి అనుమతి ఇవ్వమని. ఆయన “ఠీక్ హై,” అని లేచి టెస్టు రూముకి నడిచాడు.

మిస్త్రీ ముందుకు వచ్చాడు. చెయ్యి వణుకుతోంది. అయిదో నంబరు స్టేషను లైను పిన్ను ఒక్కటే తీశాడు, పక్కది అంగుళం కదలలేదు. గడియారం చూసుకుంటూ నిమిషం నిలబడ్డాం. తిరిగి పెట్టి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. అయిదో స్టేషను వచ్చింది. కాసేపటికి మిగతా ఆరు స్టేషన్ల నుంచీ ఫోన్లు రావడం మొదలైంది. అప్పుడు నేనే అయిదో స్టేషనుకి ఫోను చేసి పెట్టె ఆపి వేయించాను. అందరూ వచ్చారు.

“ఆచ్ఛా,” అన్నాడు ఆఫీసరు. “తో గడ్‌బడ్ కహాఁ హై?” మరి తప్పు ఎక్కడుందని.

“రౌటర్లలో సెట్టింగు సరిగ్గా లేదు సార్,” అన్నాను.

ఎవరు పెట్టిన సెట్టింగు అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఎనిమిది పెట్టెలకూ దిక్కు నేనొక్కణ్ణే అని ఆ గదిలో అందరికీ తెలుసు, కాబట్టి చెప్పినట్టే అని ఆ పూట నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ మధ్యాహ్నమే ఎనిమిదింటినీ మార్చాను. నాయకుడూ ఎన్నికా లేకుండా, మధ్యనున్న మా పెట్టెకీ ఒక్కో స్టేషనుకీ విడివిడిగా జత ఉన్నట్టు లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. అది పెట్టాను. మిస్త్రీ పక్కన నిలబడి చూశాడు.

“అంటే బ్లాకు ఫోనన్నమాట. రెండు స్టేషన్ల నడుమ ఒకటి, మూడోవోడు లేడు,” అన్నాడు.

అంతకన్నా బాగా ఆ పుస్తకంలో కూడా లేదు. తరవాత లైన్లు పడ్డాయి, లేచాయి. పడినవాడే పోయాడు, లేచినవాడే వచ్చాడు.

చార్జిషీటు వెనక్కి తీసుకున్నారు. ఫైల్లో ‘సాంకేతిక కారణాలు సరిచేయబడినవి’ అని రాసి మూశారు. సమస్య కనిపెట్టినందుకు నాకు ఒక మెప్పు ఉత్తరం వచ్చింది. అది తీసుకున్నాను కూడా. ఇలాంటివి తిరిగి ఇచ్చేస్తే ఎందుకని అడుగుతారు, అది నా భయం.

జూలైలో మిస్త్రీ రిటైరయ్యాడు. దండలు వేశారు, ఫొటో తీశారు, ఆఫీసరు ఆయన సేవల గురించి హిందీలో మాట్లాడాడు. అంతా అయి జనం టీకి కదులుతుంటే ఆయన నన్ను టెస్టు రూములోకి రమ్మన్నాడు. మెడలో దండ అలాగే ఉంది. బల్ల మీద ఆ ఫాల్టు రిజిస్టరు తెరిచి ఉంది, పక్కన పెన్ను.

“సారూ,” అన్నాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. అయినా ‘సారూ’ అన్నాడు. “కారణం గడిలో సూడండి.”

చూశాను. పదకొండు ఎంట్రీలకూ కారణం గడిలో ‘లైను’ అని ఉంది. పదకొండూ నా చేతిరాతే. ఆయన ఖాళీగా వదిలిన ఆ గడుల్ని, విచారణకు ముందు రికార్డు పూర్తిచేయమంటే నేనే కూర్చుని నింపాను.

“నాను ఎల్లిపోతాను. ఈ బుక్కు ఇక్కడే ఉంటాది. రేపు నా గదిలోకి వొచ్చినోడు ఇది సదువుతాడు.”

నన్ను క్షమాపణ చెప్పమని ఆయన అడగలేదు. నేను పెన్ను తీసుకున్నాను. మొదటి ‘లైను’ కొట్టేసి, ‘రౌటరు సెట్టింగు తప్పు. పెట్టినది నేను’ అని రాసి సంతకం పెట్టాను. రెండోది, మూడోది. అదే వాక్యం పదకొండు సార్లు రాయడానికి చాలాసేపు పట్టింది. బయట నుంచి ఎవరో, దాదా టీ చల్లారిపోతోంది అని కేకేశారు. ఆయన కదల్లేదు.

అయ్యాక కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఆనించి ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్ళాడు. పదోదాని దగ్గర వేలు ఆగింది.

“ఇది తప్పు కొట్టీసినావురా,” అన్నాడు.

“ఏది మావయ్యా?”

“ఇదిగో, పూజల ముందరిది. ఆరోజు ఆరుగురు పోయింది నీవల్లే. దానికి ముందు ఆ స్టేషను పడింది మాత్తరం వానకి కాదు. సట్రం ఎనకాల తీగ ఎలకలు కొరికినాయి. నాను రోజూ సూడాల్సింది, ఆ వారం సూడలేదు. అది నాదే. ‘లైను’ అని కూడా ఉండాల.”

నా సంతకం పక్కన మళ్ళీ ‘లైను’ అని రాశాను. ఆయన పెన్ను అందుకుని, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని, ఆ ఒక్క మాట కింద తన సంతకం పెట్టాడు. రిజిస్టరు మూసి బీరువాలో పెట్టి, తాళంచెవి నా చేతికిచ్చాడు.